పన్నెండు యూనిట్లు

“మెయిన్ ఆపేసేనండీ. ఇప్పుడు గానీ ఈ ఎర్రలైటు మినుకుమందంటే తప్పు మీటరుదే,” అన్నాడు లైన్‌మేన్ రాఘవులు.

ఎలీసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మీటరు వైపే చూస్తోంది. మినుకుమనాలని లోలోపల ప్రార్థన కూడా చేసుకుంటోంది. మీటరు పాడైపోవాలని మొక్కుకునే మనిషిని దేవుడు అంతకు ముందు చూసి ఉండడు.

పోనీ ఆ ఇల్లు ఆవిడదా అంటే కాదు. పక్కింటి కుసుమది. కుసుమా, మొగుడూ మస్కట్ వెళ్ళి ఎనిమిది నెలలైంది. తాళాలు ఎలీసమ్మ చేతిలో పెట్టి, “వారానికోసారి ఇల్లు ఊడ్పించండి పిన్నిగారూ” అని చెప్పి మరీ వెళ్ళింది. తీరా చూస్తే, తాళం వేసిన ఇంటికి నెలనెలా పన్నెండు యూనిట్లు పడుతున్నాయి. కుసుమ అక్కడ ఫోన్లో బిల్లు చూసుకుని లబోదిబోమంది.

“మీటరు పరిగెడుతోందేమోనమ్మా,” అని సర్దిచెప్పబోయింది ఎలీసమ్మే. అనకపోయినా బాగుండేది. కుసుమ మర్నాడే కరెంటాఫీసుకి ఫోన్ కొట్టింది.

పది నిమిషాలు గడిచాయి. ఎర్రలైటు ఉలకలేదు, పలకలేదు.

“ఇంకాసేపు చూడండి బాబూ. ఒక్కోటి ఆగి ఆగి తిరుగుతాయంటగా?”

“అవి పాత చక్రం మీటర్లండీ. ఉండండి, ఇంకో పరీక్ష చేద్దాం.”

రాఘవులు మెయిన్ వేసి, వరండా స్విచ్చి నొక్కాడు. పట్టపగలు వంద క్యాండిల్ బల్బు పచ్చగా వెలిగింది. మీటరు మీద ఎర్రలైటు మినుక్కుమనడం మొదలెట్టింది. అతను వాచీ చూసుకుంటూ లెక్కపెడుతున్నాడు.

ఎలీసమ్మ చూపు మాత్రం బల్బు మీదకి పోయింది. సాయంత్రం ఆరయ్యేసరికి కుసుమ ఆ బల్బు వేసేది. ట్యూబులైటు పెట్టుకోవే అంటే, “అది ఆసుపత్రి వెలుగు పిన్నిగారూ, నాకొద్దు” అనేది. బల్బు వెలిగిందంటే టీ కాగిందని లెక్క. ఎలీసమ్మ మందార దడి సందులోంచి అటు దూరిపోయేది. పదైనా కబుర్లు తెమిలేవి కావు. భర్త ఏసుదాసు పోయిన ఆరేళ్ళలో ఆవిడకి మతి చలించకుండా ఉందంటే ఆ కబుర్ల చలవే. పిల్లలా లేరు. ఇప్పుడు రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప, అందులో రెండు పిల్లితో.

“నిమిషానికి అయిదు. కచ్చితంగా ఉందండీ,” అన్నాడు రాఘవులు, బల్బు ఆపుతూ. “మీటరు అబద్ధం ఆడట్లేదు. ఎవరో వాడుతున్నారు.”

ఎలీసమ్మ చప్పున అతని వైపు తిరిగింది. “తాళాలు నా దగ్గరుంటే ఎవరు వాడతారు బాబూ?”

“మిమ్మల్నెవరంటారండీ! ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ప్యూనుగా చేసేరు. నేను చదివినన్నాళ్ళూ ఒకటో గంట నుంచి ఆఖరి గంట దాకా కొట్టింది మీరే.” అతను పెరటి వైపు చూసి గొంతు తగ్గించాడు. “వెనకాల కొబ్బరికాయలు ఒలిపించే పెద్దిరాజు లేడూ? వైరు తగిలిస్తున్నాడేమోనని నా అనుమానం.”

“అయ్యయ్యో, అన్యాయంగా అతన్నేమీ అనకండి!” ఆవిడ గొంతు ఉండవలసిన దానికంటే పెద్దగా వచ్చింది. “మీటరుదే తప్పని రాసేయండి బాబూ. మీకు పుణ్యముంటుంది.”

“బాగున్నదాన్ని పాడైందని రాస్తే మా ఏఈ గారు నన్ను బతకనిస్తారాండీ?”

అతను కుసుమకి ఫోన్ కలిపి సంగతి చెప్పాడు. అవతల్నుంచి ఖంగుమని వినిపించింది.

“అయితే ఫ్యూజు పీకేయండి రాఘవులుగారూ. మనిషి లేని ఇంటికి కరెంటెందుకు?”

“వద్దు కుసుమా!” ఎలీసమ్మ ఫోను దగ్గరికి ఒక్క అంగలో వచ్చింది. “నా మీద అనుమానమా తల్లీ?”

“ఛఛ, మీ మీదా! మీకీ తలనొప్పి ఎందుకనండీ.”

“ఎప్పుడొస్తావే మరి?”

“ఇంకో రెండేళ్ళు పట్టేలా ఉంది పిన్నిగారూ. ఉంటానండీ, పన్లో ఉన్నాను.”

ఫోను ఆగిపోయాక కూడా ఎలీసమ్మ దానివైపే చూస్తూ నిలబడింది. రెండేళ్ళు.

రాఘవులు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. “ఆయ్, ఇహ పెద్దిరాజు కాదు, వాళ్ళ తాతొచ్చినా ఒక్క యూనిట్ తిరగదండీ.”

ఆ సాయంత్రం ఎలీసమ్మ టీ పెట్టుకోలేదు. అన్నం కూడా సయించలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి రాజోలు వెళ్ళి, మధ్యాహ్నానికి నిండు సంచితో దిగింది.

నెల తిరిగింది. రీడింగ్ తీసే మనిషి సెలవు పెట్టడంతో రాఘవులే బిల్లు మిషను పట్టుకుని ఊరంతా తిరిగాడు. దీపాలు పెట్టే వేళకి ఎలీసమ్మ ఇంటికొచ్చాడు. ఆవిడ అరుగు మీద కుర్చీ పక్కింటి వైపు తిప్పుకుని, టీ తాగుతూ కూర్చుంది. మొహం కాస్త తేటపడినట్టుంది.

“మధ్యాహ్నం వస్తే మీ గేటుకి తాళముందండీ. కుసుమగారి రీడింగ్ అప్పుడే తీసేసేను. సున్నా! చెప్పేనా లేదా?” అంటూ ఆవిడ గోడకున్న మీటరు దగ్గరికి నడిచాడు. మిషన్లో అంకెలు కొట్టి, మళ్ళీ ఒకసారి కొట్టి, బుర్ర గోక్కున్నాడు. “ఇదేంటండోయ్! ఎప్పుడూ ముప్పై దాటదు మీది. ఈ నెల పన్నెండు ఎక్కువ తిరిగింది. పరీక్ష చేయించమంటారా?”

“అక్కర్లేదు బాబూ,” అంది ఎలీసమ్మ, చూపు తిప్పకుండానే. “నా మీటరు సరిగ్గానే ఉంది.”

రాఘవులు ఆవిడ చూస్తున్న వైపు తిరిగాడు. ఆవిడ కిటికీలోంచి కొత్త వైరొకటి బయటికొచ్చి, మందార దడి మీదుగా అటు పోయింది.

కుసుమ వరండాలో బల్బు వెలుగుతోంది.