వలపటకు జరిగిన ఎద్దు

ఏ ఊరో ఏ కాలమో గాని, ఒక దొడ్డిలో పుల్లడని ఒక ఎద్దుండేవాడు. ఎప్పుడూ దాపటే, అంటే కాడికి ఎడమపక్కే నడిచేవాడు. వలపట, అంటే కుడిపక్క నడిచే జోడెద్దు కాలు విరిగితే, వాడి బదులు బొల్లడొచ్చాడు. తీరా చూస్తే వాడూ దాపటెద్దే.

వాన కురిసి నేల పదునెక్కింది. ఇవాళ విత్తకపోతే పదును ఆరిపోతుంది, ఏడాదంతా దొడ్డిలో గడ్డిపరక ఉండదు. అయినా ఇద్దరూ ఎడమపక్కకే ఎగబడి కుమ్ముకుంటున్నారు.

"నేను పుట్టుకతోనే దాపటెద్దుని. నువ్వే జరుగు!" అన్నాడు పుల్లడు.

మూల పడుకుని నెమరేస్తున్న పుల్లడి తల్లి ముసలావు పకపకా నవ్వింది.

"పుట్టుకతోనా? నిన్ను కన్నది నేను కదురా! ఆ రోజు నా చుట్టూ నాలుగు పక్కలా గంతులేశావు. దేవుడు నీకు కాళ్లిచ్చాడు గాని పక్క ఇవ్వలేదు నాయనా. అది కాడి నేర్పింది. ఒకటి నేర్చినవాడివి, రెండోది నేర్వలేవూ?"

పుల్లడు సిగ్గుపడి వలపటకు జరిగాడు. మొదటి సాలు పాములా వంకర పోయింది.

"ఏం బావా, కల్లు తాగొచ్చావా?" అన్నాడు బొల్లడు.

పుల్లడు తల వంచి రెండో సాలు పట్టాడు. నాలుగో సాలుకి అడుగు కుదిరింది. పొద్దు వాలేసరికి చేనంతా విత్తనం పడింది.

మర్నాడు కాడి ఎత్తకముందే బొల్లడు వచ్చి వలపట నిలబడ్డాడు.

"నాకూ నేర్పు బావా," అన్నాడు.