దస్తగిరి సాక్ష్యం

“పేరేందే?”

“దస్తగిరి.”

నర్సింగ్ కొత్తవాడి కంచాన్ని కాలితో పక్కకు జరిపాడు. “నువ్వు ఆడ గూసో భాయ్. ఈడ మేం తింటున్నం.”

అరబ్బు దేశంలో, రుస్తాఖ్ ఊళ్లో కంపెనీ రూమ్ అది. అందరూ జగిత్యాల వైపు వాళ్లు. కొత్తగా వచ్చినవాడొక్కడే కడప మనిషి.

“మా ఊర్లో పేరు చూసి కంచం జరపరన్నా.”

“అయితే మీ ఊర్లనే తినకపోయినవ్?”

అందరూ నవ్వారు. దస్తగిరి కంచం తీసుకుని తలుపు దగ్గరికి పోయాడు. ఆ రోజు నుంచి అక్కడే తిన్నాడు.

1996 చివర్లో సైట్ మీద లిఫ్టు తాడు తెగింది. కింద ఉన్న బంగ్లాదేశ్ మేస్త్రి చనిపోయాడు. తాడు పాతదైందని చెప్పినా మార్చనన్నది ఫోర్‌మన్. బ్రేకు వదిలేశాడని పోలీసులు పట్టుకుపోయింది అదే రూమ్‌లో ఉండే లిఫ్టు ఆపరేటర్ భీమన్నను.

“ఫోర్‌మన్ మాట నేను విన్న. కోర్టుల చెప్త,” అన్నాడు నర్సింగ్.

కంపెనీ దుబాసీ నిసార్ అహ్మద్ తల అడ్డంగా ఊపాడు. “నీ మాట చెల్లదట భాయ్. ముసల్మాను సాక్షి కావాల్నట.”

“ఎవలన్నరు?”

“అందరూ అంటున్నరు.”

“దేశానికి కొత్త శాసనం రాసిన్రంటివి గదా? ఎవని పూజ వాడు చేసుకోవచ్చంటివి?”

“పూజ సంగతి పేపర్ల వచ్చింది. సాక్ష్యం సంగతి రాలే.”

కోర్టుకు పోయి అడిగినవాడు ఒక్కడూ లేడు.

అందరూ తలుపు వైపు చూశారు.

నర్సింగ్ లేచి వెళ్లి దస్తగిరి పక్కన కూర్చున్నాడు. మొదటిసారి.

“దస్తగిరన్నా, ఆ పొద్దు నువ్వు గూడ ఆడనే ఉంటివి.”

“ఉన్నా.”

“విన్నవా?”

“విన్నా.”

“ఖురాన్ మీద ఒట్టేసి చెప్పాలె.”

దస్తగిరి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“అబద్ధం చెప్పుమంటలేనే. భీమన్న పెండ్లాం దేవవ్వ కడుపుతోని ఉన్నది.”

“నిజమేలే,” అన్నాడు దస్తగిరి. “నా నోటితోనే చెప్పాల్నా?”

“నీ నోటితోనే చెల్లుతది.”

చెప్పాడు. ఖాజీ ముందు పేరు చెప్పి, ఒట్టు వేసి, విన్నది విన్నట్టు చెప్పాడు. నిసార్ అరబ్బీలోకి మార్చాడు. భీమన్న బయటికి వచ్చాడు.

“ఒట్టేసినోనివి,” అన్నాడు నిసార్. “నమాజుకు రాకుంటే జనం ఏమనుకుంటరు? కేసు మల్ల తిరగబడితే?”

దస్తగిరి శుక్రవారం శుక్రవారం మసీదులో చివరి వరసలో నిలబడ్డాడు. పక్కవాడు వంగితే వంగాడు. లేస్తే లేచాడు.

“మనోడు పక్కా తురకోడయిండు,” అని నర్సింగ్ నవ్వాడు.

కంచం మాత్రం తలుపు దగ్గరే ఉంది. భీమన్న కూడా పిలవలేదు.

ఎండలు ముదిరాక దస్తగిరి సైట్ మీద కూలిపోయాడు. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

శవానికి నిసారే స్నానం చేయించాడు. బయటికి వచ్చి ఎవరి ముఖమూ చూడలేదు.

“తొందరగా మట్టి ఇద్దాం,” అన్నాడు. అంతే.

ఆ సాయంత్రం నర్సింగ్ కడప జిల్లాకు ఫోన్ చేశాడు. ఊళ్లో ఎస్‌టీడీ బూత్‌కు దస్తగిరి భార్యను పిలిపించారు. నర్సింగ్ పక్కనే భీమన్న నిలబడ్డాడు.

ఆమె ఏడుపు ఆగే దాకా నర్సింగ్ ఆగాడు.

“ఎప్పుడు తెస్తారు సామీ?”

“తెచ్చుడు లేదక్కా. మీ తీరుగనే చేసినం. మసీదోళ్లు మోసిన్రు, మట్టి ఇచ్చిన్రు. ఏం తక్కువ చెయ్యలే.”

“మట్టిచ్చినారా?”

“ఇచ్చినమక్కా.”

“మా అత్తకు బిడ్డలు నిలవక, దర్గాకు మొక్కుకోని పెట్టుకున్న పేరు సామీ అది,” అందామె. “మావోళ్లను కాలుస్తారు.”