సూది లేని పరీక్ష

నా కథల్లో కోతలు ఎక్కువని మా వీధిలో అందరూ అంటారు. అననివ్వండి. ఈ కథలో మాత్రం ఆవగింజంత కల్పన కూడా లేదు.

"మూడు మెట్లు దేనికయ్యా, ఒకటి చాలదా?" అని సణుగుతూ గడియారాల తాత కంటి ఆసుపత్రి ఎక్కాడు. మామ్మ ఆయన చేయి గట్టిగా పట్టుకుని ఉంది. తాత తొందర మనిషి, ఎప్పుడూ అరడుగు ముందే ఉంటాడు. అందుకే తగిలే దెబ్బలన్నీ ఆయనకే. లోపలికి రాగానే ఇనప కుర్చీని కాలితో ఠంగుమనిపించాడు.

"కుర్చీలన్నీ కుడివైపే పోశారా మీరు?"

"మెల్లగా రండి. నేను తీసుకెళ్తున్నాను కదా," అంది మామ్మ.

చక్రాల పళ్ళు కనబడటం లేదని తాత గడియారాల దుకాణం మూసేసి మూడేళ్ళయింది. అప్పటినుంచి మామ్మే ఆయనకు కళ్ళు. చేతికి రంగు మందు ఎక్కించి కంటి ఫొటోలు తీయాలని డాక్టరు అన్నప్పుడల్లా, సూదంటే భయమని తాత జారుకునేవాడు. ఇప్పుడు సూది అక్కర్లేని యంత్రం వచ్చిందని రేడియోలో విని మామ్మ పట్టుబట్టి లాక్కొచ్చింది.

యంత్రం నడిపే అమ్మాయి కాగితం నింపమంటే మామ్మ, "నువ్వే రాయి తల్లీ, ఈయన్ని పట్టుకోవడానికే నాకు రెండు చేతులూ చాలడం లేదు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఈయన చూపు తిరిగొస్తే చాలు. ఆపైన నాకేమైనా ఫరవాలేదు," అంది.

అమ్మాయి తాతను ఒక్కడినే చీకటి గదిలోకి తీసుకెళ్ళి యంత్రం ముందు కూర్చోబెట్టింది.

"గడ్డం ఇక్కడ ఆనించండి. లోపల ఆకుపచ్చ గుర్తు కనిపిస్తే దాన్నే చూడండి. కనిపించకపోయినా సరే."

"మందు ఎక్కించకుండా రక్తనాళాలెలా తెలుస్తాయమ్మాయ్?"

"ఒకే చోటును వెలుగుతో మళ్ళీ మళ్ళీ చూస్తుంది. కదలనివన్నీ వదిలేసి కదిలేదాన్ని పట్టుకుంటుంది. కంటి వెనక కదిలేది రక్తమే కదా."

"అయితే నాకంటే మంచి పనివాడే."

బొమ్మ వచ్చింది. అమ్మాయి ఒకసారి చూసి, నమ్మలేక ఇంకోసారి తీసింది. సన్నని నాళాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. లేచి తలుపు వేసింది.

"తాతగారూ, చూపు లేని కన్ను గుర్తు మీద నిలవదు. మీ కన్ను ఒక్కసారి కూడా జరగలేదు. మీకు శుభ్రంగా కనిపిస్తోంది."

తాత ఉలిక్కిపడ్డాడు. "మెల్లగా. బయటికి వినిపిస్తుంది."

"మూడేళ్ళుగా నాటకమా? బంగారం లాంటి దుకాణం ఎందుకు మూశారు?"

"అది కూర్చుని చేసే పని తల్లీ. కూర్చున్నవాడి చేయి ఎవరు పట్టుకుంటారు?"

"నవ్వులాటా?"

"వీధిలో నా చేయి పట్టుకోవడానికి నలభై ఏళ్ళు సిగ్గుపడిన మనిషి. ఇప్పుడు నాకు దారి చూపిస్తున్నానని ఎంత ధీమాగా నడుస్తుందో నువ్వు చూడలేదు. నాకు చూపుందని తెలిసిన రోజున ఆ నడక ఆగిపోతుంది. ఇదొక్కటీ దాచిపెట్టు."

అమ్మాయి మనసు కరగలేదు సరికదా ఒళ్ళు మండింది. తన ముచ్చట కోసం ఆ పెద్దావిడ చేత ఇంత చాకిరీ చేయిస్తాడా? తాతను డాక్టరు గదికి పంపేసి, తనే వెళ్ళి మామ్మ చేయి అందుకుంది.

"లోపల చీకటి. జాగ్రత్తగా రండి."

తెర మీద తాత కంటి నాళాలు బంగారు తీగల్లా మెరుస్తున్నాయి. అమ్మాయి మామ్మను దాని ముందు కూర్చోబెట్టింది.

"ఇవి తాతగారివి. ఎక్కడైనా తెగినట్టున్నాయా, మీరే చూసి చెప్పండి."

మామ్మ ముందుకు వంగింది.

"లేదు తల్లీ. ఎంత చక్కగా ఉన్నాయో. ఒక్కటీ తెగలేదు," అంటూ కళ్ళు ఒత్తుకుంది.

అమ్మాయి తెర వంక చూసింది, మామ్మ వంక చూసింది. ఒళ్ళంతా చల్లబడింది. తాత గుట్టు బయటపెట్టాలని నోటిదాకా తెచ్చుకున్న మాట అక్కడే గడ్డకట్టింది. బయటినుంచి తాత కేక వినిపించింది. "ఏమేవ్, ఈ గడప ఎంత ఎత్తు కట్టారో, నా బొటనవేలు చితికింది!"

మామ్మ నవ్వుకుంటూ లేచి, గడప దగ్గర కాలెత్తి దాటి, ఆయన చేయి అందుకుంది.

నాళాలు బాగున్నాయని మామ్మ సంతోషిస్తే ఆ పిల్లకు ఒళ్ళు చల్లబడటం దేనికని మీరడుగుతారు. అడగాల్సిందే. ఆవగింజంత కూడా కల్పన లేదన్నానా? ఒక్కటుంది. తీగలు మెరుస్తున్నాయన్నాను చూడండి, అది నేను కల్పించిందే.

మామ్మ చూసినప్పుడు తెర ఆరిపోయి ఉంది.