లోపలి కుట్టు

"మాట్లాడండమ్మా వాడితో! ఎన్నిసార్లు చెప్పాలి?" అంది నర్సు, అద్దాల పెట్టెలోకి చెయ్యి పెట్టి బుడ్డోడి అరికాలి మీద వేలితో తడుతూ.

కీచుమంటున్న మెషిన్ ఆగింది. వాడి ఛాతీ ఒక్కసారి ఎగిరి, మళ్ళీ లేస్తూ పడుతూ సాగింది. నెలలు నిండకుండా పుట్టాడు. ఊపిరి తీయడం మధ్యమధ్యలో మర్చిపోతున్నాడు.

డాక్టరమ్మ పొద్దునే తేల్చి చెప్పింది: "సాయంత్రం దాకా చూద్దాం. ఇలాగే ఉంటే గొంతులోకి గొట్టం వెయ్యక తప్పదు. అంత చిన్న ఊపిరితిత్తులకి అదీ ప్రమాదమే. కడుపులో ఉండగా విన్న గొంతులు కదా మీవి, వినపడితే వాడికి కాస్త ఊతం."

తల్లి పెట్టె మీదకి వంగింది. "నాన్నా, బంగారూ, ఊపిరి తీసుకోమ్మా," అంది తేనె పూసిన గొంతుతో. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. భర్త వైపు తిరిగి, "మీరు కూడా మాట్లాడండి," అంది.

"అలాగేనమ్మా," అన్నాడు భర్త.

మీరట! అమ్మట! పిల్లల బట్టలు కుట్టే వాళ్ళ షాపులో పక్కపక్కనే రెండు మిషన్లు. తలుపు తీసింది మొదలు లైటు ఆర్పేదాకా మిషన్లు ఆగినా వాళ్ళ నోళ్ళు ఆగేవి కావు. కాలర్ వంకరని ఆమె, నీ చూపే వంకరని అతను. వీధిలో వాళ్ళకి కత్తెర జంట అని పేరు. బుడ్డోడిని ఈ పెట్టెలో పెట్టిన రోజు ఆమె దేవుడికి మొక్కుకుంది: వీడు ఇల్లు చేరేదాకా మా ఆయనతో ఒక్క మాట కూడా పోట్లాడను. దేవుడికి ఇస్తే మనకి ప్రాణమైనదే ఇవ్వాలి. ఎంత వెతుక్కున్నా ఆమెకి అంతకన్నా ప్రాణమైనది దొరకలేదు.

మొక్కు సంగతి చెబితే భర్త వేళాకోళం చేస్తాడనుకుంది. దేవుడితో అతనికి ఏనాడూ మాటల్లేవు. అలాంటివాడు ఆ రోజు గోడ వైపు చూస్తూ తలూపాడంతే.

"టోపీ కుట్టుకొచ్చాను," అన్నాడిప్పుడు జేబులోంచి చిన్న కవరు తీసి. "ఉతికి, ఇస్త్రీ కూడా చేశాను."

"పెట్టండి, తల చల్లబడుతోంది," అంది నర్సు.

ఆమె టోపీ అందుకుని అలవాటు కొద్దీ తిప్పి చూసింది. కుట్టు లోపలికి ఉంది! ఇంత లావు మడత, సరిగ్గా నడినెత్తిన. మాట గొంతుదాకా వచ్చింది. దేవుణ్ణి తలుచుకుని మింగేసింది.

"బాగుందండీ," అంది పళ్ళ సందుల్లోంచి.

"బాగుండక? కుట్టు లోపలుంటే బయటికి నున్నగా కనపడుతుంది. నువ్వేమో ఎప్పుడూ బయటికి కుట్టి అందం చెడగొడతావు."

"అందమా?" కట్ట తెగింది. "వాడి నెత్తి ఉల్లిపొరకన్నా పల్చన! ఈ కుట్టు ఒరుసుకుంటే తోలు లేచిపోదూ? పసివాళ్ళకి కుట్టు బయటికి వెయ్యాలని నీకు నేర్పిందెవరు, నేను కాదూ?"

"నువ్వా నాకు నేర్పేది? కాజా తిన్నగా కుట్టడం రాదు గానీ!"

"నా కాజాల జోలికి రాకు! నువ్వు కుట్టిన జేబులో రూపాయి వేస్తే నేల మీద తేలుతుంది!"

వార్డంతా ఇటు తిరిగింది. ఆమెకి పట్టలేదు. ఎన్నాళ్ళుగానో బిగించి కట్టిన మూట ఒక్కసారిగా విప్పినంత హాయిగా ఉంది. అప్పుడే పెట్టెలోంచి సన్నగా, పిల్లికూన గొంతుతో ఒక ఏడుపు వినిపించింది. బుడ్డోడు పిడికిళ్ళు బిగించి కాళ్ళు తన్నుతున్నాడు. మెషిన్ మీద ఆక్సిజన్ అంకె మెట్లెక్కుతోంది.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొక్కు! ఎంత పని చేశాను!

ఇద్దరూ బిగుసుకుపోయారు. కాసేపటికి ఏడుపు ఆగింది. కాళ్ళు ఆగాయి. మెషిన్ మళ్ళీ కీచుమంది.

"ఆపారేం? కానివ్వండి!" అని నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఏం కానివ్వమంటారు?" అంది తల్లి.

"అదే, ఆ కాజాల సంగతి!"

ఆమె అద్దంలోంచి కొడుకుని చూసింది. పైకి చూసి మనసులోనే లెంపలేసుకుంది. తర్వాత కొంగు బిగించింది. కాజాల మీంచి జేబులకీ, జేబుల మీంచి షాపు బోర్డు రంగుకీ, అక్కణ్ణుంచి ఆడపడుచు పెళ్ళిలో జరిగిన అవమానానికీ వెళ్ళారు. గొంతులు బొంగురుపోయాయి. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, ఓ గొడవ పూర్తిగా విని, మెషిన్ చూసింది.

"గొట్టం అక్కర్లేదు," అంది. "కాకపోతే ఆ పెళ్ళి విషయంలో నేను ఈవిడ పక్షం."

వరండా బెంచీ మీద కూలబడ్డాక ఆమెకి కన్నీళ్ళు వచ్చాయి. ఊరికే ఉండలేక పిడికిట్లో నలిగిన టోపీ తీసి, ఆ పాడు కుట్టు విప్పుదామని దారం కొస పంటితో పట్టుకుంది. ఒక్క లాగుకి దారమంతా చేతిలోకి వచ్చేసింది. కచ్చా కుట్టు. విప్పేయడానికే వేసే కుట్టు.

ఆమె భర్త వైపు చూసింది. అతను సీలింగు ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"నువ్వు... కావాలనే..." మాట పూర్తి కాలేదు. "ఓరి నీ అసాధ్యం కూలా! ఇప్పుడు దేవుడికి నేనేం సమాధానం చెప్పను?"

"ఏం చెప్పక్కర్లేదు. నువ్వు మొక్కుకున్న రోజే నేనూ మొక్కుకున్నాను."

"నువ్వా? దేవుడికా? ఏమని?"

"నీ మొక్కు చెడగొట్టమని."