మూడు సీసాలు

జ్యోత్స్న మళ్లీ లెక్కపెట్టింది. పెట్టెలో అరవై ఖాళీ సీసాలుండాలి. యాభై ఏడే ఉన్నాయి. ఒక సిరంజి కూడా లేదు.

సీసాలంటే వేలెడంత గాజుసీసాలు, రబ్బరు మూతలవి. వరిమడిలో లేచే గాలిని పట్టేందుకు బోర్లించిన డబ్బా నుంచి సిరంజితో గాలి లాగి వాటిలోకి ఎక్కించడమే ఆమె పని. సొంతూరు ఆదోని. ఉద్యోగం మాత్రం గోవాలో, మంచు మీద పరిశోధన. ధ్రువాల దగ్గర మంచును లోతుగా తొలిచి తీస్తే, అందులో వేల ఏళ్లనాటి గాలి బుడగలుగా చిక్కుకుని ఉంటుంది. ఆ గాలిలోని మీథేన్ చిత్తడి నేలల నుంచి వచ్చిందా, పశువుల నుంచా, వరిపొలాల నుంచా? అది తేల్చాలంటే ఇప్పటి మడి గాలితో పోల్చి చూడాలి. అందుకే సొంతూరి దగ్గరున్న కౌతాళంలో ఈరమ్మ మడిని ఎంచుకుంది.

ఎంచుకున్నందుకు ఇప్పుడు తనను తానే తిట్టుకుంటోంది.

ఈరమ్మ మొగుడు ప్రకాష్ ఆషాఢంలో ట్రాక్టరు బోల్తాపడి చనిపోయాడు. రెండెకరాల మడి ఆమె ఒక్కతే చూసుకుంటోంది. మాట తక్కువ మనిషి. మొదటిరోజు మంచు సంగతంతా విని, ఒక్క ప్రశ్న వేసింది.

"అన్నేండ్లు ఆ గాలి సెడిపోకుండా ఉంటాదా మేడమ్?"

"బయటికి పోయే దారి లేకుంటే అట్లే ఉంటుందక్కా."

అప్పటి నుంచి ప్రశ్నలు పట్టుకుంది. రబ్బరు మూత ఎన్నాళ్లు ఆగుతుంది? సూది దించిన చోట చిల్లు పడదా? బయటి గాలి కలవకుండా లోపలిది లాగడం ఎట్లా? జ్యోత్స్న మురిసిపోయి అన్నీ చేసి చూపించింది. చదివించి ఉంటే ఈమె ఎక్కడుండేదో అని కూడా అనుకుంది.

పక్కమడి భీమప్ప ఆ మురిపెం కాస్తా దించేశాడు.

"మీ లెక్కలు అయిపోతే, వరి వల్లనే గాలి సెడిపోతాందని కాలువనీళ్లు ఆపుతారంట గదా మేడమ్. ఈరమ్మ ఊరికే ఉంటాదా?"

అదేం లేదని ఎంత చెప్పినా భీమప్ప నమ్మలేదు. ఈరమ్మ మాత్రం ఎందుకు నమ్ముతుంది? జ్యోత్స్నకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మొన్న మధ్యాహ్నం ఎండకు తాళలేక ఈరమ్మ ఇంట్లో నడుం వాల్చబోతూ, ట్రంకుపెట్టె మీదున్న గాలిదిండు అందుకోబోయింది. బస్సుల్లో తలకింద పెట్టుకునే మామూలు దిండు. ఈరమ్మ గబుక్కున లాక్కుని, చీర మడిచి ఇచ్చింది. దిండుకు కూడా ఇంత పిసినారితనమా అని చివుక్కుమంది. ఆ రోజు నుంచి లోపలి గదికి తాళం. నిన్న పొద్దున కాస్త ముందుగా వస్తే, తలుపేసుకుని లోపల ఏదో చేస్తోంది. తీయడానికి చాలాసేపు పట్టింది.

మూడు సీసాలు పోతే పోనీ. వాటిలో ఏ పొయ్యి పొగో నింపి, మళ్లీ తెచ్చి నింపిన సీసాల్లో కలిపేస్తే? ఏది మడి గాలో, ఏది కాదో పైకి తెలియదు. మూడు నెలల పని గంగలో కలిసినట్టే. వారం తిరిగితే కోతలు. మళ్లీ మొదలుపెట్టడానికి మడే ఉండదు.

జ్యోత్స్న నేరుగా ఈరమ్మ ఇంటికి పోయింది. లోపలి గది ఈసారి తెరిచే ఉంది. ఈరమ్మ ట్రంకుపెట్టె ముందు, ఆ దిండు ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. పెట్టెలో మగవాళ్ల చొక్కా మడతల మధ్య మూడు సీసాలు. పక్కనే సిరంజి.

"నిన్ను ఎంత నమ్మినానక్కా. వీటిలో ఏం నింపినావు?"

ఈరమ్మ తల వంచుకుంది.

జ్యోత్స్నకు ఒళ్లు మండింది. అందులో ఏమున్నా సరే, అది తన పెట్టెలోకి చేరకూడదు. ఒక సీసా చేతిలోకి తీసుకుని మూత మీద బొటనవేలు పెట్టింది.

ఈరమ్మ రెండు చేతులతో ఆ చేతిని పట్టేసుకుంది.

"తియ్యొద్దు మేడమ్, దిండు దినదినానికీ మెత్తబడతాంది, మా ఆయన నోటితో ఊదిన గాలి ఇంగ అంతే మిగిలింది."