మూత తీయని కాగు

“మూత తీయకముందే చెబుతున్నా, ఇందులో ఏదో మోసం ఉంది,” అన్నాడు ఎలిజ్‌బార్, కాబోయే వియ్యంకుడి వైన్ కొట్టు గడప మీద నిలబడి.

“మూత తీయకముందే తెలిసిపోతే ఇక రుచి చూడ్డం దేనికి బావగారూ? లోపలికి రండి, కూర్చోండి,” అన్నాడు నొదార్.

అలజాని లోయలో ఎలిజ్‌బార్ నాలుకంటే ఇంటింటి వైన్ రైతులకూ హడలు. ఒక్క గుక్క పుచ్చుకుని, ఆ ద్రాక్ష ఏ వాలున పండిందో, దాన్ని తొక్కినవాడికి ఆ పూట జలుబు ఉన్నదో లేదో కూడా తేల్చగల ధీశాలి. వైన్‌లో చక్కెర కలిపారని పసిగట్టి, నిండు పెళ్ళి పందిట్లో ఆ మాట ప్రకటించి, విందును మూకుమ్మడి కొట్లాటగా మార్చిన ఘనత ఆయనకున్నది.

అంతటి నాలుక నేడు సొంత కూతురి పెళ్ళి నిమిత్తం విజయం చేసింది. బిడ్డ పుట్టిన ఏడు కొత్త వైన్‌ను మెడ దాకా నేలలో పాతిన మట్టికాగులో పోసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, మళ్ళీ ఆ బిడ్డ పెళ్ళికే తెరవడం అక్కడి ఆచారం. వరుడు ముర్మాన్ పేరిట ఈ కొట్టులో ఒక కాగు, వధువు ఖాతునా పేరిట పుట్టింట ఒక కాగు. నొదార్ తన కొడుకు కాగును ఏనాడో ఖాళీ చేసి, సంతలో కొన్న వైన్‌తో నింపి ఉంటాడని ఎలిజ్‌బార్ అనుమానం. తన ఇంటి కాగు ఊసు మాత్రం ఆయన ఎత్తలేదు.

“ముందే అనుకున్న మాట. పిల్లల కాగు ముట్టుకున్న కొంపకు నా పిల్లనివ్వను,” అన్నాడు బల్ల మీద కూర్చుంటూ.

“నిరుడొచ్చిన సంబంధాన్నీ వైన్ పులిసిందని తిప్పికొట్టావు నాన్నా,” అంది ఖాతునా, తల్లి పక్క నుంచి. “నేను కాపురం చేసేది మనిషితో, కాగుతో కాదు.”

“కాగును చూస్తే మనిషి తెలుస్తాడే పిచ్చిదానా.”

ఖాతునా తల్లి జుజునా రొట్టె తుంచి చీజ్ ముక్కతో కలిపి భర్త ముందు పెట్టింది. ఆయన దాన్ని పక్కకు నెట్టేశాడు. మహాపరీక్షకు ముందు నాలుకను మైల పరచుకోవడం ఆయన సంప్రదాయం కాదు.

నొదార్ చీకటి మూలకు వెళ్ళి ఒక కూజా పట్టుకొచ్చాడు.

“అదేమిటి? కాగు మూత నా కళ్ళ ముందు తీయాలి గదా.”

“తీస్తాను. ముందు ఈ గిన్నెడు పుచ్చుకోండి, తరవాత మాట్లాడుకుందాం.”

“ఇదేదో ముందుగానే సర్ది పెట్టిన సరుకల్లే ఉంది.”

“తాగి చెప్పండి బావగారూ. విషమే పెట్టాలంటే మీ ఆవిడే ఏనాడో పెట్టి ఉండేది, నా దాకా వచ్చేది కాదు.”

తేనెరంగు ద్రవం మట్టిగిన్నెలోకి జారింది. ఎలిజ్‌బార్ దాన్ని వెలుతురుకెత్తి చూశాడు, ఎడమ నాసికాపుటంతో వాసన పీల్చాడు, కుడి నాసికాపుటంతో ఆ తీర్పును ఖరారు చేసుకున్నాడు. తరువాత గుక్క పుచ్చుకున్నాడు. నొసలు ముడిపడింది. రెండో గుక్క పుచ్చుకున్నాడు. కనుబొమలు నెత్తికెక్కాయి.

“దొంగ,” అన్నాడు మెల్లగా. “నొదార్, నువ్వు దొంగవి.”

“చక్కెర కలిపానా?”

“చక్కెరైతే క్షమించేవాణ్ణి. ఇది మా ఖాతునా కాగులోది. మొదట అక్రోటు తొక్క వగరు, నడుమ ఎండిన ఆప్రికాట్, చివర గొంతులో సన్నగా పొగ. ఆ పొగ రుచి లోయ మొత్తంలో ఇంకే కాగుకూ లేదు. నడినిద్రలో నోట్లో పోసినా గుర్తుపడతాను.”

“పొరపాటేమో, ఇంకో గుక్క తాగి చూడండి.”

“తాగుతాను. తాగినా అదే మాటంటాను.” తాగాడు. అదే మాటన్నాడు.

నొదార్ తల వంచాడు. “నిజమే బావగారూ. మీదే.”

“విన్నావా జుజునా? మన కాగు దోచి మనకే పోస్తున్నాడు. ఈ సంబంధం ఇక్కడితో సరి. పదవే ఖాతునా.”

ఖాతునా కదల్లేదు. తండ్రి వంక కాక తల్లి వంక చూసింది. జుజునా చేతికంటిన రొట్టెపొడి దులుపుకుని లేచింది.

“ఆయన దోచలేదు. ఆ కూజా నేనే తెచ్చిచ్చాను. పెళ్ళి దగ్గర పడిందని పొద్దున మన కాగు మూత తీశాను. అడుగున ఇంతే ఉంది. నిన్నా మొన్నా పోయిన వైన్ కాదది, గోడల మీద చారలు చూస్తే ఏళ్ళ తరబడి దిగిపోయినట్టుంది. నా సొంత తమ్ముణ్ణి కూడా అనుమానించాను, పాపం.”

ఎలిజ్‌బార్ గిన్నెను మెల్లగా కింద పెట్టాడు.

“పెళ్ళి ఆగదు,” అంది జుజునా. “పిల్ల వీళ్ళ కాగులోది పుచ్చుకునే కాపురానికెళుతుంది. అది సరే గానీ, మన కాగులో కొత్త వైన్ పోసి మూత పెట్టింది పిల్ల పుట్టినప్పుడు గదయ్యా. ఆ తరవాత దానికి పొగ రుచి పట్టిందని నీకెవరు చెప్పారు?”