పటంలో లేని విరజాజి

పాడుబడిన జమీందారు తోటను మళ్లీ పాతరోజుల్లో ఉన్నట్టే చేస్తామని పనివాళ్లు దిగారు. వాళ్ల చేతిలో వందేళ్లనాటి తోట పటం ఉంది.

ఆనాడు నాటినవాటిలో ముసలి విరజాజి ఒక్కటే మిగిలింది. ఉడుత దాని దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. “అవ్వా, నీకు మంచిరోజులొచ్చాయి!”

“నన్ను గుర్తుపడతారంటావా? పటంలో నేను పందిరి దగ్గరుంటాను. అది కూలిపోయాక నీళ్ల కోసం పాకుతూ ఈ బావి గట్టుకు చేరాను.”

“నీ పూలు చూస్తే తెలియదూ?”

ఆ సాయంత్రం విరజాజి ఉన్న బలమంతా కూడగట్టుకుని పూసింది.

మర్నాడు పనివాళ్లు పటం చూశారే గానీ పూల వంక చూడలేదు. పటంలో బావి దగ్గర ఏ తీగా లేదు. పిచ్చితీగ అనుకుని మొదలంటా నరికేశారు. కొత్త పందిరి కింద నర్సరీ మొక్క నాటి, ‘వందేళ్లనాటి విరజాజి’ అని బోర్డు పెట్టారు.

నరికేసిన మొదలు దగ్గర కూర్చుని ఉడుత, “అవ్వా, అక్కడ నీ పేరే రాశారు,” అంటూనే ఉంది.